మనోచికిత్సలో వ్యక్తిత్వ రక్షణ

మన తెలుగు భాషలో ఒక చక్కని మర్యాద ఉన్నది. జ్వరము వచ్చినవాడు ‘నాకు జ్వరము వచ్చినది’ అంటాడు. వచ్చినది గనుక పోతుందనే నమ్మకము ఆ మాటలోనే ఉన్నది. దుఃఖము కలిగినప్పుడు కూడ ‘నాకు దిగులుగా ఉన్నది’ అంటామే గాని, దిగులే నేననము. రోగము ఒకవైపు, రోగము వచ్చిన మనిషి మరియొకవైపు నిలిచి ఉంటారు. మధ్య చిన్న ‘కు’ విభక్తి, గట్టు వలె, రెండింటిని వేరు చేసి కాపాడుతున్నది.

అయితే ఒక్క మనోవ్యాధి విషయములో మాత్రము ఈ మర్యాదను మనము త్వరగా మరచిపోతాము. ‘అతనికి పిచ్చి పట్టినది’ అన్నంతవరకు అతడు వేరు, పిచ్చి వేరు. మరునాటికే అతడు ‘పిచ్చివాడు’ అవుతాడు. జ్వరము తగ్గినవానిని జ్వరపువాడని ఎవరూ పిలువరు. మనస్సుకు కలిగిన జబ్బు నయమై పదేండ్లు గడచినా, ఆ పేరు మాత్రము వాని వెనుకనే నడుస్తుంది.

ఈ తేడా వ్యాకరణముతో ముగిసేది కాదు. 2015–16 సంవత్సరములలో బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేను బట్టి, మన దేశములో పెద్దవారిలో ప్రతి వందమందికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారు. వీరిలో చికిత్స అందనివారు, రుగ్మతను బట్టి, నూటికి 70 మొదలు 92 మంది వరకు ఉన్నట్లు ఆ సర్వే తేల్చినది. వైద్యులు చాలకపోవటము, ఆసుపత్రి దూరముగా ఉండటము, చేతిలో డబ్బు లేకపోవటము దీనికి కారణములే. కాని డబ్బు ఉండి, నడచి వెళ్ళగలిగినంత దూరములో వైద్యుడు ఉండి కూడ వెళ్ళనివారు ఉన్నారు. వారిని ఆపుతున్నది ఒక ప్రశ్న: ‘చికిత్సకు వెళితే నేను నేనుగా మిగులుతానా?’ ఈ ప్రశ్నను తేలికగా కొట్టివేయరాదు. ఈ ప్రసంగములో దానినే కొంత విచారింతుము.

శేరిలింగంపల్లి ప్రాంతములో ఈ ప్రశ్నకు ఒక ప్రత్యేకత ఉన్నది. 1998 నవంబరు 22వ తేదీన ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపురములో సైబర్ టవర్సును ప్రారంభించిన నాటి నుండి ఈ రాతి గుట్టల నడుమకు రెండు తెలుగు రాష్ట్రముల నలుమూలల నుండి, ఇతర రాష్ట్రముల నుండి యువతీయువకులు వచ్చి చేరుతున్నారు. సొంత ఊరిలో మనిషి ఎవరో చెప్పటానికి ఇంటిపేరు ఉన్నది, వీధి ఉన్నది, తాతగారి పేరు ఉన్నది. ఇక్కడ మెడలో వ్రేలాడే గుర్తింపు కార్డు, దానిపై ఒక అంకె ఉన్నవి. 2000 తరువాతి తొలి సంవత్సరములలో కాల్ సెంటర్లు వృద్ధి పొందినప్పుడు, విదేశీయులతో మాట్లాడే రాత్రి ఉద్యోగులు పాశ్చాత్యుల పేర్లు పెట్టుకొనటము వాడుకగా ఉండేది. పగలు ఒక పేరు, రాత్రి ఒక పేరు. ఇట్లు ‘నేనెవరిని’ అనే ప్రశ్న ముందే కొంత సడలియున్న చోట మనోవ్యాధి ప్రవేశిస్తే, దాని చికిత్స మరియొక పేరును తగిలించునేమో, మిగిలినదానిని కూడ తీసికొనిపోవునేమో అనే భయము కలగటము సహజమే.

ఒక యువకుని ఊహించుకుందాము. కరీంనగరము వైపు నుండి వచ్చి, హఫీజ్‌పేటలో గది తీసుకొని, మాదాపురములో ఉద్యోగము చేస్తున్నాడు. మూడు నెలలుగా తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వస్తున్నది. ఒక పూటలో ముగించే పనికి వారము పడుతున్నది. ఆదివారము మంచము దిగడు. అమ్మ ఫోను చేస్తే తీయడు. తోటి ఉద్యోగి ఒకడు మెల్లగా చేరి, ‘ఒకసారి డాక్టరుగారికి చూపించుకోరాదా అన్నా’ అంటాడు. యువకుని మనస్సులో ఒకేసారి నాలుగు సందేహములు లేస్తాయి. డాక్టరు నాకు ఏమి పేరు పెడతాడు? మందు నన్ను ఏమి చేస్తుంది? లోపలి మాటలన్నీ బయట పెట్టిన తరువాత నాకు ఏమి మిగులుతుంది? ఇంటివారు నన్ను ఏ కంటితో చూస్తారు? ఈ నాలుగింటిని వరుసగా చూతము.

మొదటిది పేరు. వైద్యుడు కాగితము మీద వ్రాసే రోగము పేరు మనిషికి పెట్టిన పేరు కాదు. మందు చేరవలసిన చోటుకు వ్రాసిన చిరునామా వంటిది. ఏ మందు ఇవ్వవలెను, ఎంతకాలము ఇవ్వవలెను, ఏ పరీక్షలు అవసరము అని నిర్ణయించుకొనటానికి ఆ పేరు ఉపయోగపడుతుంది. దాని ప్రయోజనము అంతవరకే. ఒకే పేరు గల రుగ్మత ఉన్న ఇద్దరు మనుషులు ఒకరివలె ఒకరు ఉండరు. మధుమేహము ఉన్న ఇద్దరు ఒకరివలె ఒకరు ఉండనట్లే. కనుక రోగి తనను గురించి తాను చెప్పుకొనునప్పుడు తెలుగు భాష ఇచ్చిన విభక్తిని విడువక, ‘నాకు కుంగుబాటు ఉన్నది, చికిత్స తీసుకొంటున్నాను’ అనటము మేలు. వినేవారు కూడ ఆ మాటను అట్లే నిలుపవలెను.

ఇక్కడ హైదరాబాదు నగరవాసులందరము ఒక సంగతి ఒప్పుకొనవలసి ఉన్నది. జాల్నాలో ఉండిన నిజాము కాలపు మానసిక చికిత్సాలయము 1953లో హైదరాబాదులోని ఎర్రగడ్డకు తరలి వచ్చినది. వేలాదిమందికి ఉచితముగా వైద్యము చేసిన ఆ సంస్థ ఉన్న పాపానికి, ‘ఎర్రగడ్డ’ అనే ఊరి పేరే మన నోట తిట్టుగా మారినది. మాట తూలిన స్నేహితుని ‘ఎర్రగడ్డకు పంపవలె’ అని నవ్వుకొనటము మనకు అలవాటు. విశాఖపట్నము వైపువారు ఇదే పరిహాసమునకు తమ ఊరి ఆసుపత్రిని వాడుకొంటారు. ఈనాడు మియాపూరులో మెట్రో రైలు ఎక్కి అమీర్‌పేట వెళ్ళే వారందరికి దారిలో ఎర్రగడ్డ స్టేషను తగులుతుంది. ఆ పేరు ప్రకటించినప్పుడు, అదే పెట్టెలో మందులు తెచ్చుకొనటానికి దిగవలసిన మనిషి ఒకడు నిలబడి ఉండవచ్చును. మన పరిహాసము అతని కాళ్ళకు అడ్డము పడరాదు.

రెండవ సందేహము మందును గురించినది. మనోవ్యాధులకు మందులు వచ్చి ఎంతో కాలము కాలేదు. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఉన్మాదమునకు లిథియము పనిచేయగలదని ప్రకటించినాడు. 1952లో పారిస్ నగరములో క్లోర్‌ప్రోమజిన్ అనే మందును తీవ్రమైన మనోవ్యాధులకు ప్రయోగించినారు. 1957లో స్విట్జర్లాండు వైద్యుడు రోలాండ్ కూన్ కుంగుబాటుకు ఇమిప్రమిన్ పనిచేస్తున్నదని తెలిపినాడు. అంతకు పూర్వము గోడలు, తాళములు తప్ప వేరు గతి లేని ఎందరో రోగులు ఈ మందుల పుణ్యమా అని ఇండ్లకు తిరిగి వచ్చినారు. అయితే ఇవి దోషము లేని మందులని చెప్పరాదు. కుంగుబాటుకు వాడే మందులలో కొన్ని మొదటి రోజులలో వికారము కలిగిస్తాయి. కొందరిలో దుఃఖముతో పాటు సంతోషము కూడ మొద్దుబారినట్లు అనిపిస్తుంది. దాంపత్యసుఖము పట్ల ఆసక్తి తగ్గుతుంది. తీవ్ర మనోవ్యాధులకు వాడే మందులలో కొన్నింటివలన నిద్రమత్తు, బరువు పెరగటము, చేతులు వణకటము, కండరములు బిగియటము కలుగుతాయి. లిథియము వాడేవారికి తరచు రక్తపరీక్ష చేయవలెను.

కనుక ‘మందు వేసుకొంటే నేను నేనుగా లేను’ అని ఒక రోగి అన్నప్పుడు, అది చాదస్తమని త్రోసిపుచ్చరాదు. ఆ మాటలో వైద్యునికి పనికివచ్చే సమాచారము ఉన్నది. మోతాదు ఎక్కువైనదేమో, మందు మార్చవలసి ఉన్నదేమో, లేక మొద్దుబారటము వ్యాధి లక్షణమే ఇంకను తగ్గక మిగిలి ఉన్నదేమో ఆయన చూడగలడు. చెప్పకపోతే చూడలేడు. మన దగ్గర జరుగుతున్నదేమిటంటే, రోగి వైద్యునితో చెప్పుటకు మొగమాటపడి, ఇంటికి వచ్చి తనంతట తాను మందు మానివేస్తాడు. కుంగుబాటు మందులు పూర్తి గుణము చూపుటకు రెండు వారముల నుండి ఆరు వారముల వరకు పట్టవచ్చును. చెడుగుణములు మాత్రము మొదటి రోజులలోనే కనబడవచ్చును. మేలు కనబడక మునుపే, కీడు కనబడిన వెంటనే, మనిషి మాత్రలు పారవేస్తాడు. హఠాత్తుగా మానితే తలత్రిప్పట, నిద్రలేమి, ఆందోళన కలిగి, వ్యాధి మరల తిరుగబెట్టే ప్రమాదము కూడ ఉన్నది. మానదలచినా, మార్చదలచినా, వైద్యుని సలహాతో మెట్టుమెట్టుగా దిగవలెను.

ఈ సందర్భములో అమెరికా దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు కే రెడ్‌ఫీల్డ్ జేమిసన్ కథ మనకు ఉపయోగిస్తుంది. ఆమె బైపోలార్ వ్యాధిని గురించి వైద్యులు చదువుకొనే ప్రామాణిక గ్రంథమును వ్రాసినవారిలో ఒకరు. ఆ వ్యాధి ఆమెకే ఉన్నది. మనస్సు ఉప్పొంగే దశలో కలిగే చురుకుదనము తన సహజ స్వభావమని, లిథియము దానిని హరించునని భావించి ఆమె మందును పలుమార్లు మానివేసినది. దాని ఫలితముగా ప్రాణాపాయము వరకు పోయినది. మరియొకవైపు, ఎక్కువ మోతాదు వాడిన సంవత్సరములలో పుస్తకము పట్టుకొని చదువలేక బాధపడినది. మోతాదు తగ్గించిన తరువాత ఆ చదువు ఆమెకు తిరిగి దక్కినది. ఇదంతయు 1995లో వెలువడిన తన ఆత్మకథలో ఆమె దాచుకొనక వ్రాసినది. మందు మానినందువలన తనను తాను పోగొట్టుకొనబోయినది ఆమెయే. మోతాదు సరిచూచుకొన్నందువలన తనను తాను తిరిగి పొందినదీ ఆమెయే. ఈ రెండింటిలో ఒక్కదానినే ఎత్తి చెప్పేవారు సగము నిజము మాత్రమే చెబుతున్నారు.

మరి ఏది నా స్వభావము, ఏది రోగము, ఏది మందు? మొదటి నుండి మితభాషి అయిన మనిషి చికిత్సలో ఉన్నప్పుడు మౌనముగా కూర్చుంటే, ఆ మౌనము ఎవరిది? ఈ ప్రశ్నకు ఒక్క దినములో సమాధానము దొరకదు. కాలము కావలెను, గుర్తు కావలెను. ఒక చిన్న నోటుపుస్తకము పెట్టుకొనటము మంచిది. రోగమునకు పూర్వము తనకు ఏవి ప్రీతికరములో, ఏమాత్రపు నిద్ర చాలునో, ఎవరితో మాట్లాడితే మనస్సు తేలికపడేదో ఒక పుటలో వ్రాసికొనవలెను. మందు మొదలుపెట్టిన తేదీ, తరువాత ఒక్కొక్క వారము కలిగిన మార్పు వేరొక పుటలో వ్రాయవలెను. వైద్యుడు ఇచ్చే సమయము తక్కువ. పది నిమిషములలో ఆయన తెలిసికొనలేనిది ఆ రెండు పుటలు చెబుతాయి. ఉదయము ముగ్గు వేసే అలవాటు, సాయంకాలపు నడక, పాట వినటము, మొక్కకు నీళ్ళు పోయటము వంటి చిన్న పనులలో ఒక్కటైనను విడువక చేయవలెను. ఇవి వ్యాధిని కుదిర్చే మందులు కావు. అయినను, వ్యాధి వెనుకకు తగ్గిన నాడు మనిషి తన ఇల్లు గుర్తుపట్టి చేరుకొనటానికి వాకిటిలో వెలిగించిన దీపము వంటివి.

మూడవ సందేహము మాటలతో చేసే చికిత్సను గురించినది. లోపలి విషయములు పరాయివారికి చెప్పటము మన కుటుంబములలో తప్పుగా ఎంచబడుతున్నది. ఇంటి గుట్టు బయటపెట్టినట్లగునని సంకోచిస్తాము. అయితే వైద్యుడు గాని, కౌన్సెలరు గాని విన్నదానిని గోప్యముగా ఉంచవలెనని వృత్తిధర్మము నిర్దేశిస్తున్నది. చట్టము కూడ నిర్దేశిస్తున్నది. మనిషి ప్రాణమునకు గాని, ఇతరుల ప్రాణమునకు గాని ముప్పు ఉన్నప్పుడు మొదలైన కొన్ని సందర్భములలో తప్ప దానికి సడలింపు లేదు. అన్నీ మొదటి రోజుననే చెప్పవలెననే నియమమును ఎవరూ పెట్టలేదు. చెప్పదలచినంతే చెప్పవచ్చును, ‘దీనిని గురించి ఈనాడు మాట్లాడను’ అనవచ్చును. ఒకరితో మాట కలియకపోతే వేరొకరి వద్దకు వెళ్ళవచ్చును.

ఇంకొక సంగతి భాషను గురించినది. ఈ ప్రాంతపు ఉద్యోగులలో చాలమంది డాక్టరు గదిలో అడుగుపెట్టగానే ఇంగ్లీషులోకి మారిపోతారు. ‘స్ట్రెస్’ అనే ఒక్క మాటతో పని గడిపివేస్తారు. తెలుగులో దుఃఖమునకు ఎన్నో వన్నెలు ఉన్నవి. దూరమైన మనిషి మీద పెట్టుకొనేది బెంగ. రాబోయేది తెలియక గుండెలో ఆడేది గుబులు. కారణము తోచక కూర్చోబెట్టేది దిగులు. తెలంగాణా ఇండ్లలో అమ్మ ‘రంది పెట్టుకోకు బిడ్డా’ అన్నప్పుడు ఆ రందిలో చింత, బాధ, నిరీక్షణ మూడును కలిసి ఉంటాయి. వైద్యునితో ‘నాకు బెంగగా ఉన్నది’ అన్నవాడు ఎవరి మీద బెంగయో చెప్పటానికి ఒక తలుపు తెరచినవాడు అవుతాడు. ‘స్ట్రెస్’ అన్నవాడు ఆ తలుపును మూసినవాడే. తన దుఃఖమును తన భాషలో చెప్పుకొనటము కూడ వ్యక్తిత్వ రక్షణయే. తెలుగు అయినా, దక్కనీ ఉర్దూ అయినా, మరే మాతృభాష అయినా ఇదే మాట.

నాలుగవ సందేహము ఇంటిని గురించినది. దీనిని కొంత వివరముగా చెప్పవలసి ఉన్నది. ఎందుచేతననగా, చికిత్సలో మనిషి తన వ్యక్తిత్వమును పోగొట్టుకొనేది వైద్యుని గదిలో కంటె ఇంటి వసారాలోనే ఎక్కువ.

మన తల్లులు ఫోనులో మొదట అడిగే మాట ఏది? ‘బిడ్డా, అన్నం తిన్నవా? ఏం కూర?’ అని. కొడుకు చికిత్సలో ఉన్నాడని తెలిసిన నాటి నుండి ఆ మాట మారిపోతుంది. ‘గోళీ ఏసుకున్నవా?’ అన్నది మొదటి ప్రశ్న అవుతుంది. ప్రేమతోనే అడుగుతుంది, అడగటము అవసరము కూడ. అయితే అన్నము మాట వెనుకబడి, కూర మాట పూర్తిగా మానిపోతే, తాను ఇక ఆ ఇంటి కొడుకు కాడని, ఆ ఇంటి రోగియని అతనికి తోస్తుంది. గోళీ సంగతి అడగండి. కూర సంగతి మానకండి.

దీనికంటె కఠినమైనది వేరొకటి ఉన్నది. చికిత్సలో ఉన్న మనిషికి కోపము వస్తే అది రోగమువలన వచ్చినదంటాము. నవ్వితే మందు పనిచేస్తున్నదంటాము. ఆస్తి పంపకములో, పెండ్లి మాటలలో, పిల్లల చదువు విషయములో ఆయన అభిప్రాయము చెబితే, ‘నీకు ఒంట్లో బాగోలేదులే, నువ్వు ఊరుకో’ అంటాము. కోడలు న్యాయముగా పలికిన మాటను కూడ ‘ఆవిడ మందులు వాడుతున్నది గదా’ అని కొట్టివేస్తాము. ఆమె కోపము న్యాయమైనది కావచ్చును గదా! న్యాయమైన కోపమును కూడ వ్యాధి లెక్కలో వ్రాసివేస్తే, ఆమెకు ఇక మాట్లాడటానికి నోరు ఎక్కడిది? తన మాటకు విలువ లేదని గ్రహించిన మనిషి మందును తిరస్కరించి అయినా ‘నేనున్నాను’ అని చాటుకొనచూస్తుంది. మందు మానివేసిన ప్రతివారిని మొండివారనుటకు ముందు, ఇంటిలో వారి మాట ఎవరైన వింటున్నారా అని విచారించవలెను.

చట్టము ఈ విషయములో మనకంటె ముందు నడచినది. 1912 నాటి చట్టము మనోవ్యాధిగ్రస్తుని ‘ఉన్మత్తుడు’ అనే పేరుతోనే గుర్తించి, వానిని బంధించి ఉంచే పద్ధతులను నిర్ణయించినది. దాని స్థానములో 1987 చట్టము వచ్చినది. 2017లో పార్లమెంటు ఆమోదించి, 2018 మే నెల 29వ తేదీ నుండి అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని హక్కులు గల మనిషిగా గుర్తించినది. ఆ చట్టములోని కొన్ని నిబంధనలు చూచితే, వ్రాసినవారు వ్యక్తిత్వమును గురించి ఎంత సూక్ష్మముగా ఆలోచించినారో తెలుస్తుంది. చికిత్సాలయములో రోగికి బలవంతముగా తల గొరిగించరాదు. ఆసుపత్రి దుస్తులే ధరించవలెనని నిర్బంధించరాదు. కోరితే సొంత బట్టలు కట్టుకొనవచ్చును. ఏ విధముగానైనను గొలుసులతో బంధించరాదు. మత్తుమందు, కండరములను సడలించే మందు ఇవ్వకుండ విద్యుత్ చికిత్స చేయరాదు. తన వైద్య పత్రములు చూచుకొనే హక్కు, ఫోను ద్వారా, ఉత్తరముల ద్వారా తనవారితో మాట్లాడే హక్కు రోగికి ఉన్నవి. జుట్టు, బట్ట, ఉత్తరము స్వల్ప విషయములుగా కనబడవచ్చును. మనిషి ‘నేను’ అనే భావము తరచు ఇట్టి స్వల్ప విషయములనే పట్టుకొని నిలుస్తుంది.

గొలుసు మాట వచ్చినది గనుక ఒక్కటి జ్ఞాపకము చేసికొందము. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ఆశ్రయగృహము తగులబడినప్పుడు, గొలుసులతో కట్టివేయబడిన మనోవ్యాధిగ్రస్తులు కదలలేక 28 మంది మరణించినారు. నయమగునని నమ్మి కుటుంబములు అక్కడికి తెచ్చి వదలినవారే వారు. గుడికి, దర్గాకు, చర్చికి వెళ్ళి మ్రొక్కుకొనటములో దోషము లేదు. భక్తి కూడ మనిషి వ్యక్తిత్వములో భాగమే, వైద్యుడు దానిని విడువమనడు. కాని మ్రొక్కు పేర మందును మాన్పించటము, సంకెల వేయటము ఏ దైవమునకు ప్రీతికరములు కావు.

ఇక్కడ ఒక కఠినమైన ప్రశ్నను తప్పించుకొనరాదు. తన హితము తాను తెలిసికొనలేని స్థితి కొందరికి కొంతకాలము కలుగుతుంది. అప్పుడు మనిషి ‘వద్దు’ అన్నదానిని మన్నించవలెనా, ప్రాణమును కాపాడవలెనా? చట్టము దీనికి రెండంచెల సమాధానము చెప్పినది. ఒకరి నిర్ణయము ఇతరులకు తప్పుగా తోచినంత మాత్రమున ఆ మనిషికి నిర్ణయశక్తి లేదనుటకు వీలులేదు. ఇది మొదటి మాట. నిజముగా శక్తి లోపించిన తీవ్ర స్థితిలో ఇతరుల సహాయముతో ఆసుపత్రిలో చేర్చవచ్చును. దానికి మొదట 30 దినముల పరిమితి, విచారణ చేసే మండలి, అప్పీలు హక్కు ఉన్నవి. ఇది రెండవ మాట. వీటికి తోడు ముందస్తు నిర్దేశమనే ఏర్పాటు ఒకటి ఉన్నది. యుక్తవయస్సు వచ్చిన ఎవరైనను, బుద్ధి నిలకడగా ఉన్న సమయములో, ‘నాకు మనోవ్యాధి వచ్చి నిర్ణయశక్తి తప్పినప్పుడు ఈ విధమైన చికిత్స చేయండి, ఈ విధమైనది చేయకండి, నా తరఫున మాట్లాడే ప్రతినిధి వీరు’ అని వ్రాతపూర్వకముగా తెలుపవచ్చును. అత్యవసర చికిత్సకు ఇది అడ్డుకాదు. తెలివిలో ఉన్న ‘నేను’ తెలివి తప్పిన ‘నేను’ కొరకు వ్రాసిపెట్టిన వీలునామా ఇది. వ్యాధి మరల మరల తిరుగబెట్టేవారు, కొంచెము తెరపి ఇచ్చిన రోజులలో కుటుంబముతోను వైద్యునితోను కూర్చుండి దీనిని వ్రాసికొంటే, మంచిరోజుల మనిషి మాట చెడ్డరోజులలో కూడ చెల్లుతుంది.

ఉద్యోగస్థులకు ఒక మాట. తమ చికిత్స సంగతి కార్యాలయములో చెప్పటము చెప్పకపోవటము వారి ఇష్టము. వైద్యుడు రోగి అనుమతి లేక యజమానికి తెలుపరాదు. శరీర వ్యాధులకు వలెనే మనోవ్యాధులకు కూడ వైద్య బీమా కల్పించవలెనని 2017 చట్టము బీమా సంస్థలను ఆదేశించినది. తమ పాలసీ పత్రమును ఒకసారి తీసి చదువుకొనటము మంచిది. తోటి ఉద్యోగి నమ్మి చెప్పుకొంటే, ఆ మాటను మనలోనే ఉంచుకొనవలెను; మరునాడు అతనికి ఎప్పటివలెనే పని ఇవ్వవలెను, ఎప్పటివలెనే టీకి పిలువవలెను. పనిలో కొంత వెసులుబాటు కావలెనంటే అతడే అడుగుతాడు. అడుగకముందే బాధ్యతలన్నీ తప్పించటము దయవలె కనబడినా, మనిషిని ఒక మూలకు నెట్టటమే అవుతుంది.

‘రోగి కోరినదీ పాలే, వైద్యుడు చెప్పినదీ పాలే’ అని మన పెద్దల సామెత. మనోచికిత్సలో ఈ రెండు కోరికలు కలియుటకు మాటలు జరుగవలెను. రోగి కోరేది తన నిద్ర, తన పని, తన నవ్వు, తన మాటకు తన ఇంటిలో విలువ. మంచి వైద్యుడు కోరేదీ ఇదే. నిద్ర వచ్చినది గాని నవ్వు రాలేదని రోగి చెబితే, చికిత్స ఇంకను పూర్తికాలేదని వైద్యుడు గ్రహిస్తాడు.

ఎక్కడికి వెళ్ళవలెనో తెలియనివారికి 2022 అక్టోబరు 10వ తేదీన, ప్రపంచ మానసిక ఆరోగ్య దినమున, కేంద్ర ప్రభుత్వము టెలి–మానస్ అనే ఫోను సేవను ప్రారంభించినది. దాని సంఖ్య 14416. డబ్బు చెల్లించనక్కరలేదు, తెలుగులో మాట్లాడవచ్చును. ఎర్రగడ్డ ఆసుపత్రిలో ఉదయపు వేళ వచ్చి చూపించుకొని ఇంటికి తిరిగిపోయేవారు ఎందరో ఉన్నారు. అక్కడికి వెళ్ళటమంటే అక్కడ ఉండిపోవటము కాదు. జీవించుట మీద విరక్తి కలిగి, ప్రాణము తీసుకొనవలెననే తలపు వస్తే మాత్రము ఆలస్యము చేయక ఆ క్షణముననే ఫోను చేయవలెను, లేదా దగ్గరనున్న ఆసుపత్రికి వెళ్ళవలెను. ఇంటివారు అతనిని ఒంటరిగా విడువరాదు.

హఫీజ్‌పేట గదిలోని ఆ యువకుడు ఈ రాత్రి ఏమి నిర్ణయించుకొనునో మనము చెప్పలేము. అతడు వెళితే, రోగము పేరును మనిషి పేరుగా మార్చని వైద్యుడు అతనికి కావలెను. తిరిగి వచ్చిన తరువాత అతని సలహా అడిగే అక్క, అతనితో వాదించే తమ్ముడు, ఏం కూర వండుకున్నవని అడిగే తల్లి కావలెను. వైద్యుని ఏర్పాటు చేయటము ప్రభుత్వపు బాధ్యత. తక్కినవారు ఈ ప్రసంగము వింటున్న ఇండ్లలోనే ఉన్నారు.